ఏ సంకేతమూ ఇవ్వకుండా

మార్చి 1, శనివారం

డైవింగ్ గాలి ట్యాంకులు పదహారూ కడిగాను. నిజానికి కడగాల్సిన పని లేదు. గురువారం నుంచి ఎవరూ నీళ్ళలోకి దిగలేదు. తీర రక్షణ ఆఫీసువాళ్ళు షాపు తలుపుకి కాగితం అంటించి వెళ్ళారు. విచారణ అయ్యేదాకా పడవ కదలకూడదు, నేను దీవి దాటకూడదు. ఊరికే కూర్చుంటే చేతులు ఏం చెయ్యాలో తెలియలేదు. వెనకవైపు తొట్టి దగ్గరికి వెళ్ళి మాస్కులూ ఫిన్సులూ జాకెట్లూ అన్నీ మంచినీళ్ళలో ముంచి తీసి ఆరేశాను. బావ వేసుకున్న సెట్టు ఒక్కటే లేదు. దానికి సీలు వేసి పట్టుకుపోయారు.

అక్క నా గదిలోనే ఉంది. హోటల్ గదికి వెళ్ళనంటే వెళ్ళనంది. సామాను నేనే సర్ది తెచ్చాను.

షాపాయన నా వాంగ్మూలం నకలు ఇచ్చాడు. నేను చెప్పాను, ఆయన రాశాడు. ఇక్కడ ఎక్కిస్తున్నాను:

"గురువారం ఉదయం పది గంటల పది నిమిషాలకు, పద్నాలుగు మీటర్ల లోతులో, అతిథి గైడుకు ఏ సంకేతమూ ఇవ్వకుండా ఒక్కసారిగా పైకి వెళ్ళిపోయాడు. గైడు వెంటనే వెంబడించినా అందుకోలేకపోయింది."

కింద నా సంతకం. బావని అతిథి అని రాశాడు. నాకు పద్నాలుగేళ్ళప్పుడు మా ఇంటికి అల్లుడై వచ్చి, నాకు సైకిలు నేర్పి, స్కూటరు నేర్పి, కారు నేర్పి, ప్రతిదాంట్లోనూ నన్ను ఏడిపించుకుతిన్న మనిషి ఒక కాగితం మీద అతిథి అయిపోయాడు.

సంకేతం ఇవ్వలేదు. ఇస్తే నాకు తెలియదా? పదకొండేళ్ళుగా గైడుగా ఇదే పని చేస్తున్నాను.


మార్చి 2, ఆదివారం

ఆస్పత్రి దీవికి ఆ చివర, పెద్ద రేవు దగ్గర. బస్సులో గంట. ఒక మలుపు దగ్గర డ్రైవరు ఇండికేటర్ వెయ్యకుండా బండి తిప్పాడు. నేను అక్క వైపు చూశాను, అక్క నా వైపు చూసింది. బావ ఉంటే లేచి వెళ్ళి డ్రైవరుకి క్లాసు పీకేవాడు. డ్రైవింగ్ స్కూలు మాస్టరు కదా, ఎక్కడికి వెళ్ళినా పాఠం మానడు. ఇద్దరికీ అదే తట్టింది.

డాక్టరమ్మ మమ్మల్ని చిన్న గదిలో కూర్చోబెట్టింది. గోడకి ఊపిరితిత్తుల బొమ్మ ఉంది.

"లోతులో పీల్చిన గాలి పైకి వస్తున్నకొద్దీ ఉబ్బుతుందమ్మా" అంది అక్కతో. "అందుకే ఊపిరి వదులుకుంటూ నెమ్మదిగా రావాలి. ఆయన బిగబట్టి గబగబా వచ్చినట్టున్నారు. ఊపిరితిత్తి చిరిగి గాలి మెదడుకి వెళ్ళిపోయింది."

"బాధపడ్డాడా?"

"పైకి తేలేసరికే స్పృహ ఉండి ఉండదు."

"అసలు పైకి ఎందుకు వచ్చాడు?"

డాక్టరమ్మ నా వైపు చూసింది. "అది పక్కన ఉన్నవాళ్ళే చెప్పాలి."

"చెప్పకుండా వచ్చేశాడు. నాకు తెలియలేదు" అన్నాను.

అక్క తల ఊపింది. గోడ మీద బొమ్మ వైపే చూస్తూ చాలాసేపు అలాగే తల ఊపుతూ ఉంది.

బస్టాండులో అక్క పాపకి ఫోన్ చేసింది. పాపంటే అక్క కూతురు, పదిహేడేళ్ళు. పరీక్షల మధ్యలో ఉందని వెంట తీసుకురాలేదు, నానమ్మ దగ్గర వదిలి వచ్చారు. "మీ నాన్న మాట వినలేదే" అంది అక్క ఫోన్లో. "పిన్ని అన్నీ నేర్పిందిట. ఆయనే చెప్పాపెట్టకుండా పైకి వచ్చేశాడట."

ఫోన్ పెట్టేశాక నాతో అంది: "అది ఏడవట్లేదే. గురువారం నుంచి ఒక్క చుక్క రాలేదు. నాకు నాన్న మీద కోపంగా ఉంది అంటోంది. ఏం చెప్పను దానికి? నాకూ అలాగే ఉంది."


మార్చి 3, సోమవారం

శవపరీక్ష కాగితం రాలేదు. రేపట.

అక్క బావ చొక్కాలన్నీ ఉతికింది. ఉతుకుతూ తిట్టింది. "ఖాళీ రోడ్డు మీద, చీమ కూడా లేని చోట, ఎర్ర లైటు పడిందని ఆగేవాడు. వెనక నేను ఇంజెక్షన్ వేయించుకోవాల్సిన జ్వరంతో పడుకుని ఉన్నా సరే, ఆగేవాడు. ఇరవై ఏళ్ళు రోడ్డు మీద ఒక్క తప్పు చెయ్యని మనిషికి నీళ్ళలోకి దిగ్గానే ఏం పుట్టింది? మరదలే కదా, దీని మాట వినేదేంటి అనుకున్నాడా?"

నేను టీ కలిపి ఇచ్చాను.

అసలు రావాలని పట్టుబట్టింది బావే. పెళ్ళయి ఇరవై ఏళ్ళయిందని, ఎక్కడికైనా వెళ్దామంటే అక్క కొండలంది. బావ మాత్రం మరదలు పనిచేసే చోటే చూడాలన్నాడు. అక్కకి నీళ్ళంటే భయం, పడవలోనే కూర్చుంటానంది. నాలుగు రోజుల శిక్షణ. మొదటి రోజు ట్యాంకు వీపుకి తగిలిస్తుంటే, "ఏమే చేపపిల్లా, గ్యాస్ బండ మోయించడానికా నన్నింత దూరం రప్పించావ్? ఇంటి దగ్గర మీ అక్క మోయిస్తూనే ఉందిగా!" అన్నాడు. పడవంతా నవ్వింది. ఆ తర్వాత షాపులో అందరూ దాన్ని బండ అనే అనడం మొదలుపెట్టారు.

మొదటి రోజు నడుంలోతు నీళ్ళలోనే సంకేతాలు నేర్పాను. కింద మాటలుండవు, చెయ్యే మాట. వేళ్ళతో సున్నా చుడితే బాగున్నానని. అరచెయ్యి అటూ ఇటూ ఊపితే ఏదో తేడాగా ఉందని. బొటనవేలు పైకెత్తితే మాత్రం బాగుందని కాదు, పైకి పోదామని. అది ఎవరు చూపించినా సరే, ఎందుకని అడగకుండా, అందరూ కలిసి పైకి పోవాలి. అడగాల్సినవన్నీ పైకి వచ్చాకే.

బావకి ఇది ఒక పట్టాన ఎక్కలేదు. పాతికేళ్ళుగా కారు నేర్చుకునేవాళ్ళు బండి సరిగ్గా ఆపినప్పుడల్లా కిటికీలోంచి బొటనవేలు చూపించే మనిషి. ఆ వేలు దానంతటదే లేస్తుంది. ఆ రోజు మూడు మీటర్ల దగ్గర రంగు చేపల గుంపు కనిపించగానే లేచింది. రూలు ప్రకారం పైకి తీసుకొచ్చాను. "ఏమైంది?" అన్నాను. "ఏమీ కాలేదే, భలే ఉందని చెప్పాను" అన్నాడు. మళ్ళీ దిగాం. మళ్ళీ లేపాడు. మళ్ళీ పైకి తెచ్చాను. "నీ చేతికి ప్లాస్టర్ వేయించాలి బావా" అన్నాను.


మార్చి 4, మంగళవారం

సంకేతం ఇవ్వలేదు. చెయ్యి కదిలించిన మాట నిజమే. మాస్కు సర్దుకున్నాడేమో.


మార్చి 5, బుధవారం

షాపాయన పిలిపించాడు. మూసిన షాపులో, షట్టరు సగం దించుకుని, అద్దె వస్తువుల అలమరకి ఆనుకుని నిలబడి మాట్లాడాడు.

"చూడమ్మా, విచారణ వచ్చే మంగళవారం. రాసిందేదో రాశాం. అదే చదివి కూర్చో. ఎక్కువ తక్కువలు మాట్లాడకు. ఆయన తప్పు చేశాడని ఎవరూ అనట్లేదు. కంగారుపడ్డాడు, అంతే. పోయినవాళ్ళకి ఇంక తప్పేంటి, ఒప్పేంటి? ఉన్నవాళ్ళం బతకాలి."

నాకు సబబుగానే అనిపించింది. ఎంత సబబుగా అనిపించిందంటే, తిరిగి వస్తూ దారంతా అవే మాటలు నాకు నేనే చెప్పుకున్నాను.

జెట్టీ దగ్గర మా పడవ నడిపే సరంగు దాని అంచున కూర్చుని తాడు చుడుతున్నాడు. ఆయనకి అరవై దాటాయి, ఎప్పుడూ నాలుగు మాటల కంటే ఎక్కువ మాట్లాడడు. నన్ను చూసి తాడు పక్కన పెట్టాడు.

"కింద సంగతి నాకు తెలీదు. నేను పైన ఉండేవాణ్ణి" అన్నాడు. "పైన చూసింది చెప్తా. ఆ రోజు దూకగానే మీ బావ నా వైపు తిరిగి సున్నా చుట్టి చూపించాడు. మూడు రోజులూ బొటనవేలే చూపించాడు కదా. ఇవాళ దారిన పడ్డాడు అనుకుని నవ్వుకున్నా."

"ఒక్కసారి చేశాడేమో" అన్నాను.

"అయ్యుండొచ్చు" అన్నాడు సరంగు. మళ్ళీ తాడు చేతిలోకి తీసుకున్నాడు.


మార్చి 6, గురువారం

వారం అయింది. కాగితం రాలేదు. అక్క అన్నం ముట్టలేదు, బ్రెడ్డు రెండు ముక్కలు తింది.

శిక్షణలో రెండో రోజు సంగతి మొన్న రాయలేదు. రెండో రోజు కూడా బావ బొటనవేలే ఎత్తాడు. ఆరు మీటర్ల దగ్గర. నేను పైకి తీసుకురాలేదు. ఆయన కళ్ళు చూస్తే తెలుస్తోంది బాగుందనే అంటున్నాడని. ఊరికే పైకీ కిందికీ తిప్పితే చెవులు నొప్పెడతాయి, గాలి దండగ. నేనూ నవ్వి బొటనవేలు ఎత్తి చూపించాను. మూడో రోజంతా అంతే. ఆయన ఎత్తడం, నేను ఎత్తడం. పైకి వచ్చాక, "చూశావా, మీ రూల్సు మార్చేశాను" అని అక్క ముందు గొప్పలు పోయాడు. నేను "నీకో దండం బావా" అన్నాను.

కొత్తగా చేరిన గైడు ఎవరైనా ఈ పని చేసి ఉంటే నేనే చెడామడా తిట్టి ఉండేదాన్ని. నీళ్ళ కింద సొంత భాష పెట్టుకోకూడదు. అది మొదటి పాఠం.

మా బావే కదా అనుకున్నాను.


మార్చి 7, శుక్రవారం

ఇవాళ్టిది రాయకుండా ఉంటే బాగుండు.

పొద్దున నేను కప్పులు కడుగుతున్నాను. అక్క మంచం మీద కూర్చుని కిటికీలోంచి చూస్తోంది. ఉన్నట్టుండి మాట్లాడటం మొదలుపెట్టింది, నాతోనో తనతోనో తెలియలేదు.

"అన్నీ తెలుసే ఆయనకి. అదే నాకు మంట. తెలియక చేశాడంటే సరే అనుకుందును. ఆ రోజు టిఫిన్ దగ్గర గంటసేపు నాకు పాఠం చెప్పాడు. ఇలా సున్నా చుడితే బాగున్నానని, ఇలా బొటనవేలు ఎత్తితే పైకి పోదామని. చెంచా కింద పెట్టి నా చేత కూడా చేయించాడు. రెండు రోజులుగా తప్పు సిగ్నల్ వేస్తున్నాను, మీ చెల్లి మొహమాటానికి ఊరుకుంటోంది, పదిమందికి డ్రైవింగ్ నేర్పేవాణ్ణి, నేనే సిగ్నల్ తప్పు వేస్తే ఎలా, ఇవాళ ఒక్కటి కూడా తప్పు వెయ్యను చూడు అన్నాడు. అంత చెప్పిన మనిషి, నీకు ఒక్క వేలు చూపించి రావడానికి ఏం రోగం?"

కప్పు నా చేతిలోంచి జారింది. పగల్లేదు. స్టీలుది.

"ఏమే?" అంది అక్క.

"ఏమీ లేదు, సబ్బు" అన్నాను.


మార్చి 8, శనివారం

ఏమీ రాయను.


మార్చి 9, ఆదివారం

వరసగా రాస్తాను. డైవ్ పుస్తకంలో రాసినట్టు రాస్తాను, అప్పుడైనా తిన్నగా వస్తుందేమో.

తొమ్మిదీ నలభై ఎనిమిదికి దిగాం. నేనూ బావా, ఇద్దరమే. ఆరు మీటర్ల దగ్గర ఆగి ఎలా ఉందని అడిగాను. సున్నా చుట్టి చూపించాడు. పది మీటర్ల దగ్గర మళ్ళీ అడిగాను. మళ్ళీ సున్నా. అబ్బో, బుద్ధిమంతుడయ్యాడే అనుకున్నాను. ఆ మాట అనుకున్నట్టు నాకు బాగా గుర్తుంది. గుర్తుంది కాబట్టే ఇంక తప్పించుకోవడానికి లేదు. ఆ రోజు బాగుందని చెప్పడానికి ఆయన బొటనవేలు వాడట్లేదని నాకు కిందే తెలుసు.

పద్నాలుగు మీటర్ల దగ్గర రాతి గోడ పక్కన తాబేలు కనిపించింది. పెద్దది. నాలుగు రోజులుగా బావ అడుగుతున్నది అదే, "తాబేలు చూపించకపోతే మీ కంపెనీ మీద కేసు పెడతా" అంటూ. చూపిద్దామని వెనక్కి తిరిగాను. బావ రెండు గజాల దూరంలో ఆగి ఉన్నాడు. బొటనవేలు ఎత్తి ఉంది.

తాబేలుని చూసేశాడు, భలే ఉందంటున్నాడు అనుకున్నాను. నవ్వాను. నా బుడగలు మొహం ముందు నుంచి పోయాయి.

మళ్ళీ ఎత్తాడు. ఈసారి మోచెయ్యి దగ్గర్నుంచి చెయ్యంతా కదిలించి, పైకి, పైకి అని. నేను నేర్పింది అలాగే. సరిగ్గా అలాగే. నేను వేలు చూశాను గానీ కళ్ళు చూడలేదు. కళ్ళు చూసి ఉంటే తెలిసేది.

నేనూ బొటనవేలు ఎత్తాను.

నా లెక్కలో అది "అవును బావా, భలే ఉంది కదూ". ఆయన లెక్కలో, నేనే నేర్పిన లెక్కలో, అది "సరే, పైకి పోదాం". సరే అనేసి నేను తాబేలు వైపు తిరిగి నాలుగుసార్లు కాళ్ళు తన్ని ముందుకి వెళ్ళాను.

పైకి వెళ్ళేటప్పుడు నేను ఎదురుగా ఉండాలి. జాకెట్టు పట్టుకోవాలి. నోటి దగ్గర చెయ్యి ఆడిస్తూ ఊపిరి వదలమని గుర్తు చేస్తూ, బుడగల కంటే నెమ్మదిగా తీసుకెళ్ళాలి. కొత్తవాళ్ళకి భయం వేస్తే మొదట మరిచిపోయేది ఊపిరి వదలడమే. దానికే గైడు ఉండేది.

వెనక్కి తిరిగి చూసేసరికి ఆయన కాళ్ళు మాత్రమే కనిపించాయి, చాలా పైన.

ఎందుకు పైకి పోదామన్నాడో ఎవరికీ తెలియదు. మాస్కులోకి నీళ్ళు వచ్చాయో, ఛాతీ పట్టేసిందో, ఊరికే గుబులు పుట్టిందో. నేను అడగగలిగేది ఒక్క చోటే, నీళ్ళ పైన.

పడవ మీద ఆయన తల నా ఒళ్ళో పెట్టుకుని ఆక్సిజన్ పెడుతుంటే సరంగు "ఏమైంది, ఏమైంది" అని అరిచాడు. అక్క నా భుజం పట్టుకుని కుదుపుతోంది. "చెప్పకుండా వచ్చేశాడు" అన్నాను. ఆలోచించి అన్న మాట కాదు, నోట్లోంచి ఊడిపడింది. తర్వాత ఆలోచించడానికి పది రోజులు దొరికాయి. ఆలోచించే ఆ మాట ఉంచుకున్నాను.


మార్చి 10, సోమవారం

చెప్పేశాను.

మధ్యాహ్నం ఆఫీసు నుంచి అక్కకి ఒక ఫారం వచ్చింది, మృతుడి భార్య నింపాల్సినది. వయసు, ఆరోగ్యం, ఈత వచ్చా, మందులేమైనా వాడేవాడా. అక్క నా బల్ల దగ్గర కూర్చుని ఒక్కొక్కటే నింపింది. చివరి నుంచి రెండో ప్రశ్న దగ్గర పెన్ను ఆగిపోయింది. పైకి చదివింది: "మృతుడు సాధారణంగా నియమాలను పాటించే వ్యక్తేనా? అవును, కాదు."

కుర్చీలోనే నా వైపు తిరిగింది. "ఇక్కడేం రాయనే? అవునంటే నువ్వు అబద్ధం చెప్పినట్టవుతుంది. కాదంటే నేను చెప్పినట్టవుతుంది."

మంచం మీద కూర్చున్నాను.

"అవునని రాయి అక్కా" అన్నాను.

ఆ తర్వాత నిన్న రాసిందంతా చెప్పాను. ఆరు మీటర్లు, పది మీటర్లు, తాబేలు, ఒకటోసారి, రెండోసారి. మధ్యలో అక్క ఒక్కసారే ఆపింది. "ఎలా ఎత్తాడో చూపించు" అంది. చూపించాను. "నువ్వు?" అంది. అదీ చూపించాను. నా చెయ్యి వైపు అలాగే చూసింది. నేను చెయ్యి దించి ఒళ్ళో పెట్టుకున్నాను, ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.

అరుస్తుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది. ఫారం వైపు తిరిగి 'అవును' దగ్గర టిక్కు పెట్టింది. సంతకం చేసింది. పెన్నుకి మూత పెట్టింది.

అప్పుడంది: "సిగ్నల్ తప్పుగా చూడటం, అది మనిషన్నాక జరుగుతుందేమోనే. కొత్తగా నేర్చుకున్నవాళ్ళ కంటే చెయ్యి తిరిగినవాళ్ళే ఎక్కువగా గుద్దుతారని ఆయనే అనేవాడు. దానికి నిన్ను ఏమంటానో నాకింకా తెలీదు. కానీ పది రోజులు. పది రోజులు నేను ఆయన్ని నానా మాటలూ అంటుంటే పక్కన కూర్చుని విన్నావు. చచ్చిపోయిన మనిషిని తిట్టాను. ఆయన చొక్కాలు ఉతుకుతూ తిట్టాను. ఆ పిల్లకి ఫోన్ చేసి మరీ తిట్టాను. నువ్వు టీ కలిపిచ్చి విన్నావు."

అదే చేశాను.

అక్క సామాను తీసుకుని హోటల్ గదికి వెళ్ళిపోయింది.


మార్చి 11, మంగళవారం

విచారణ. రేవు ఆఫీసు మేడ మీద గది. పొడుగు బల్ల, తిరిగీ తిరగని ఫ్యాను, రాసుకునేందుకు ఒకావిడ. విచారణాధికారి నా వాంగ్మూలం చదివి వినిపించి, "ఇది మీరు చెప్పిందే కదా?" అన్నాడు.

"చెప్పింది నేనే. అది అబద్ధం" అన్నాను.

షాపాయన కుర్చీ కిర్రుమంది. అధికారి పెన్ను తీసుకుని, "మొదటినుంచి చెప్పండి" అన్నాడు. చెప్పాను. అక్క వెనక వరసలో ఉంది. నేను వెనక్కి తిరగలేదు. "అతను మొదట సంకేతం ఇచ్చాడా?" అని అడిగాడు. ఇచ్చాడన్నాను. "మీరు బదులిచ్చారా?" ఇచ్చానన్నాను. "అంటే మీ అనుమతితోనే పైకి బయలుదేరాడు." అవునన్నాను.

గైడు కార్డు అక్కడే తీసుకున్నారు. మిగతాది పోలీసులకి రాస్తారట.

మెట్ల దగ్గర షాపాయన పట్టుకున్నాడు. "కొంప ముంచావు కదమ్మా. ఎవరడిగారు నిన్ను? ఎవరైనా అడిగారా?"

ఎవరూ అడగలేదన్నాను. నిజమే కదా.


మార్చి 12, బుధవారం

కాగితాలన్నీ వచ్చేశాయి. బావని పెద్ద పడవలో తీసుకెళ్ళారు. అక్క వెంట వెళ్ళింది.

నేను కూడా సంచి సర్దుకుని రేవుకి వెళ్ళాను. పిలిచినప్పుడల్లా హాజరవ్వాలని సంతకం పెట్టించుకుని ఆఫీసువాళ్ళు వెళ్ళనిచ్చారు. అక్క సంచి చూసింది.

"నువ్వు రాకు" అంది.

"ఒక్కసారి బావని..."

"నువ్వు రాకు. నేను పిలిచేదాకా రాకు. పిలుస్తానా అని ఇప్పుడు అడక్కు."

అడగలేదు. పడవ ఎక్కేటప్పుడు చెక్క పలక మీద అక్క కాలు తడబడింది. పట్టుకోబోయాను. సరంగు నాకంటే ముందు పట్టుకున్నాడు. అక్క ఆయనకి థాంక్స్ చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.


మార్చి 13, గురువారం

ఇంటి దగ్గర ఈపాటికి అన్నీ అయిపోయి ఉంటాయి.


మార్చి 15, శనివారం

సాయంత్రం ఫోన్ మోగింది. అక్కేమో అనుకున్నాను. పాప.

"పిన్నీ, అమ్మ చెప్పింది. నువ్వు చెప్తే వినాలని చేశాను" అంది. గొంతు గట్టిగా ఉంది, టీచర్లతో మాట్లాడినట్టు.

"అడుగమ్మా."

"నాన్న సిగ్నల్ ఇచ్చాడా?"

"ఇచ్చాడు."

"సరిగ్గానే ఇచ్చాడా?"

"సరిగ్గానే. నేను ఎలా నేర్పానో అలాగే. రెండుసార్లు."

"నువ్వు చూశావా?"

"చూశాను."

"చూసి?"

"సరే అన్నాను. సరే అని, తీసుకెళ్ళలేదు."

అవతల ఎక్కడో తలుపు వేసిన చప్పుడు. గదిలోకి వెళ్ళి వేసుకున్నట్టుంది.

"అయితే నాన్న చెప్పకుండా వెళ్ళలేదు" అంది.

"లేదమ్మా. చెప్పాడు. విననిది నేను."

అప్పుడు ఏడ్చింది. మొదట ఊపిరి అందనట్టు, తర్వాత పెద్దగా, నాన్నా, నాన్నా అంటూ. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అసలు నేను ఫోన్లో ఉన్నానన్న సంగతే మరిచిపోయింది. ఊరుకోమని అనబోయి ఆగాను. పదహారు రోజులుగా ఆ పిల్లకి రాని ఏడుపు అది. రానివ్వనిది నేను. అది ఫోన్ పెట్టేసేదాకా అలాగే నిలబడి విన్నాను.